ఉన్నా తెలీదు, లేకపోయినా తెలీదు: ఆన్‌లైన్‌లో బీటెక్ మొదలుపెట్టిన ఒక కుర్రాడి కేసు

నేను ఒంగోల్లో సైకాలజిస్ట్‌గా ప్రాక్టీస్ చేస్తున్నా. ఈ కేసు రాయాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా కానీ ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటుంది, అది వదిలేసి రాస్తే కేసే అబద్ధం అయిపోతుంది, రాయాలంటేనేమో మనసొప్పలేదు. మొత్తానికి ఇప్పుడు కూర్చున్నా. ఆ అబ్బాయి ఇదంతా చదివి, రెండు చోట్ల నాతో మార్పించి, సరే మేడం పెట్టండి అన్నాకే పెడుతున్నా. పేరు, ఊరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. వాసు అనుకుందాం.

2021 ఆగస్టు. సెకండ్ వేవ్ తగ్గి జనం మళ్లీ మెల్లగా బయటికొస్తున్న టైం. కిటికీలు తీసిపెట్టి, కుర్చీలు దూరంగా జరిపి చూసేదాన్ని అప్పట్లో. అమ్మా నాన్న ముందు వచ్చారు, వాసు వాళ్ల వెనకాల వచ్చి తలుపు పక్కనే ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్లు, సీఎస్ఈ ఫస్టియర్ అయిపోవస్తోంది. నాన్న పొగాకు రైతు, సొంత బ్యారన్ (పచ్చాకుని వేడి పెట్టి ఆరబెట్టే గది) ఉంది. అక్కకి పెళ్లయి హైదరాబాదులో ఉంటుంది.

"మావోడు ఫోను పిచ్చిలో పడ్డాడు మేడం" అని వాళ్లమ్మ మొదలుపెట్టింది. "తెల్లార్లూ ఫోనే. పన్నెండింటికి లేస్తాడు. అన్నం మంచం దగ్గరికే పట్టకపోవాలి. ఇంజినీరింగు సీటొచ్చిందని ఊరంతా చెప్పుకున్నాం, ఇప్పుడేమో ఎవరన్నా ఇంటికొస్తే లోపల గడి పెట్టుకుంటాడు." నాన్న తక్కువ మాట్లాడాడు. రెండుసార్లు చెయ్యెత్తానని, వయసొచ్చిన పిల్లాడని ఆగిపోయానని మాత్రం చెప్పాడు. వాసు ఒక్క మాట కూడా అనలేదు, మాస్క్ కళ్ల కింద దాకా లాక్కుని నేల చూస్తూ కూర్చున్నాడు.

వాళ్లిద్దర్నీ బయట కూర్చోమని వాసుతో ఒక్కడితోనే మాట్లాడా. బయటికొచ్చాక నాన్న వెంటనే "ఏం చెప్పాడు మేడం" అన్నాడు. మన దగ్గర ఇది ఎప్పుడూ వచ్చే ప్రశ్నే. పద్దెనిమిది దాటినవాడు కౌన్సిలింగ్‌లో చెప్పింది వాడి అనుమతి లేకుండా తల్లిదండ్రులకి కూడా చెప్పకూడదు, ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప, 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యత అనేది హక్కుగా ఇచ్చింది. ఇది తండ్రికి అర్థమయ్యేలా చెప్పడానికే పది నిమిషాలు పట్టింది, ఫీజు నేను కడుతున్నాను కదా అన్నట్టు చూశాడు. అయినా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడం తర్వాత చాలా పనికొచ్చింది.

వెనక కథ

వాసు ఇంటర్ రెండేళ్లూ విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. రూంకి ఎనిమిది మంది, పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్, ఆదివారం కూడా టెస్టు. వాడికి అది నచ్చలేదనే చెప్పాడు, కానీ ఆ రెండేళ్లలో ఒక్క పూట కూడా ఒంటరిగా అన్నం తినలేదు. 2020 మార్చిలో ఇంటర్ సెకండియర్ పరీక్షలు అవుతుండగానే కరోనా గొడవ మొదలైంది, మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు వేసుకుని ఇంటికొచ్చేశాడు. ఫ్రెండ్స్ దగ్గర సెలవు తీసుకున్నది కూడా లేదు, ఎంసెట్ కోచింగ్‌కి పది రోజుల్లో మళ్లీ కలుస్తాం కదా అనుకున్నారంట.

ఆ పది రోజులు ఆరు నెలలయ్యాయి. ఏపీ ఎంసెట్ జరిగింది సెప్టెంబర్ 17 నుంచి. అవే పుస్తకాలు ఆరు నెలలు తిప్పితే ఏమవుతుందో పరీక్ష రాసిన ఎవర్నడిగినా చెప్తారు. ఆ నెల్లోనే, 2వ తేదీన, కేంద్రం పబ్‌జీ అనే ఫోన్ గేమ్‌ని బ్యాన్ చేసింది. ఈ ముక్క వాసు మొదటి సెషన్‌లోనే చెప్పాడు, నేను నోట్స్‌లో 'గేమింగ్, 2020 నుంచి' అని ఒక్క లైను రాసుకుని ముందుకెళ్లిపోయా.

బీటెక్ క్లాసులు 2021 జనవరిలో ఆన్‌లైన్‌లో మొదలయ్యాయి. మధ్యలో మూడు వారాలు క్యాంపస్‌కి రమ్మంటే వెళ్లాడు, అందరూ మాస్కుల్లో, బెంచీకి ఒకడు. ఏప్రిల్‌లో సెకండ్ వేవ్, మళ్లీ ఇల్లు. అంటే నా దగ్గరికొచ్చేనాటికి వాడు ఫస్టియర్ దాదాపు పూర్తి చేశాడు, కానీ క్లాసులో ఉన్న అరవై మూడు మందిలో మాస్క్ లేకుండా మొహం చూసినవాళ్లు నలుగురో ఐదుగురో.

ఇంట్లో స్మార్ట్ ఫోన్లు రెండు, ఒకటి నాన్నది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. క్లాసులు ఆరు గంటలు. వీడియో ఆన్ చేస్తే మధ్యాహ్నానికే డేటా అయిపోతుంది కాబట్టి కెమెరా ఆఫ్. కంప్యూటర్ లేదు, సీ ప్రోగ్రాములు నోట్‌బుక్కులో రాసి ఫొటో తీసి అప్‌లోడ్ చేసేవాడు, కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివే పిల్లాడు. ఇది వాడొక్కడి సంగతి కాదు, 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కల ప్రకారం మన దేశంలో గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 15 శాతం లోపే. ఆ నేల మీదే ఆన్‌లైన్ చదువుని తెచ్చి దించాం.

మొదటి అంచనా

పీహెచ్‌క్యూ-9 ఇచ్చాను. డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే తొమ్మిది ప్రశ్నల షీటు, మొత్తం 27 మార్కులకి. వాసుకి 16 వచ్చింది, అంటే ఒక మోస్తరు కంటే ఎక్కువే. ఆందోళన కొలిచే జీఏడీ-7లో 21కి 11. నిద్ర తెల్లవారుజాము నాలుక్కి, లేవడం పదకొండు పన్నెండుకి. తొమ్మిది గంటల క్లాసుకి అలారం పెట్టుకుని, దుప్పట్లోంచే లింకు నొక్కి, మ్యూట్ చేసి మళ్లీ పడుకునేవాడు. కాలేజీ రికార్డులో హాజరు 91 శాతం. కాలేజీ దృష్టిలో వాసుకి ఏ సమస్యా లేదు.

ఆ షీట్లో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బావుండనే ఆలోచనల గురించి. 'కొన్ని రోజులు' దగ్గర టిక్కు పెట్టాడు. నేను సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు, అట్లా ఏం జరగదు, అడిగితే ఎదుటివాళ్లకి ఊపిరాడుతుంది. వాసు చాలాసేపు ఆగి అన్నాడు: "చచ్చిపోవాలని కాదు మేడం. క్లాసులో నేను ఉన్నా తెలీదు, లేకపోయినా తెలీదు. ఒక్కోసారి ఇంట్లో కూడా అట్టాగే అనిపిస్తది, అంతే."

ఆ రోజు వాడితో కూర్చుని ఒక సేఫ్టీ ప్లాన్ రాయించాను, అట్లాంటి ఆలోచనలు గట్టిగా వస్తే ముందు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, నా నంబరు, హెల్ప్‌లైన్ నంబరు. అప్పటికి టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ రాలేదు, అది 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఇప్పుడైతే 14416కి ఏ టైంలోనైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వాసు అనుమతితోనే తండ్రికి ఒక్క విషయం చెప్పాను, ఇంట్లో ఉన్న పురుగుమందులన్నీ తీసుకెళ్లి వేరే చోట తాళం వేసి పెట్టమని. ఆయన మొహం తెల్లబోయింది. ఫోన్ పిచ్చి అనుకుని వచ్చిన మనిషికి అప్పుడు మొదటిసారి వేరే ఏదో ఉందని తగిలింది. అదే సాయంత్రం డబ్బాలన్నీ పొలం షెడ్డుకి మార్చి తాళం చెవి తన దగ్గరే పెట్టుకున్నాడు.

ఇక్కడిదాకా బాగానే చేశాను అనుకుంటున్నా. తర్వాతిదే.

నా పొరపాటు

నిద్ర పాడైంది, రాత్రంతా గేమ్, పగలు నిద్ర, క్లాసు పోతోంది, క్లాసు పోతే గిల్టు, గిల్టు పోవడానికి మళ్లీ గేమ్. చూడ్డానికి చక్కగా సరిపోయే చక్రం. తల్లిదండ్రులు చెప్పింది కూడా అదే. నేను కూడా అందులోనే పడిపోయా. రెండో సెషన్‌లో రాత్రి పదింటికి ఫోన్ అమ్మకి ఇచ్చేయాలని, పొద్దున ఏడింటికి తీసుకోవాలని పెట్టాను. వాసు ఊ అన్నాడు. వాడు ఊ అన్నాడంటే ఒప్పుకున్నాడనుకున్నా, వాడికి కాదనే ఓపిక లేదని అప్పుడు తట్టలేదు.

పన్నెండు రోజులకి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "ఫోను ఇస్తన్నాడు మేడం, చెప్పినట్టే ఇంటన్నాడు. కానీ అన్నం తినట్లా. గోడకేసి తిరిగి పడుకుంటన్నాడు. మునుపు విసుక్కునైనా మాట్లాడేవాడు." మర్నాడే రమ్మన్నా. పీహెచ్‌క్యూ 21. తొమ్మిదో ప్రశ్న దగ్గర టిక్కు ఎక్కువ రోజుల వైపుకి ఒక గడి జరిగింది.

ఆ రోజు నేను అంతకుముందు అడగాల్సిన ప్రశ్న అడిగాను: రాత్రిపూట ఆ గేమ్‌లో అసలు ఏం జరుగుతుంది, మొదట్నుంచి చివరిదాకా చెప్పు, నాకు గేములు తెలీవు అని.

అందులో ఉన్నది నలుగురు, హాస్టల్లో ఒకే రూంలో ఉన్న నలుగురు. ఒకడు నెల్లూరు వైపు, ఒకడు గుడివాడ, ఒకడు పల్నాడు, వీడు. లాక్‌డౌన్‌లో పబ్‌జీలో రాత్రిళ్లు కలిసేవాళ్లు, సెప్టెంబర్‌లో బ్యాన్ అయ్యాక రెండు నెలలు దాదాపు తెగిపోయారు, ఫోన్ చేసి మాట్లాడుకోవచ్చు కదా అన్నా, "ఊరికే ఫోన్ చేసి ఏం మాట్లాడతాం మేడం" అన్నాడు. ఆ వయసు మగపిల్లలకి పక్కపక్కన కూర్చుని ఏదో ఒక పని చేస్తూ మాట్లాడటం వచ్చు, ఎదురెదురు కూర్చుని బావున్నావా అని అడగటం రాదు. తర్వాత ఫ్రీ ఫైర్ అనే ఇంకో గేమ్‌లో కలిశారు, 2021 జూలైలో పబ్‌జీయే మన దేశం కోసం బీజీఎంఐ అనే కొత్త పేరుతో వచ్చాక అందులోకి మారారు. ఆ మేలో గుడివాడ అబ్బాయి వాళ్ల నాన్న కోవిడ్‌తో పోయాడు. వీళ్లు ముగ్గురూ వెళ్లలేకపోయారు, కర్ఫ్యూ, భయం, పంపించేవాళ్లు లేరు. అప్పట్నుంచి ఆ పిల్లాడికి రాత్రి నిద్ర పట్టేది కాదు. వీళ్లు గేమ్ పెట్టుకుని, మైక్ ఆన్‌లో ఉంచి, వాడు నిద్రపోయేదాకా మేలుకుని ఉండేవాళ్లు. "ఆడేది తక్కువ మేడం, ఊరికే మైక్ ఆన్ చేసుకుని కూర్చునేది ఎక్కువ. వాడు పడుకుంటే గురక వినపడతది, అప్పుడు మేము ఎగ్జిట్ కొడతాం."

నాలుగింటి దాకా మేలుకోవడం అదీ.

నేను వాసు దగ్గర్నుంచి లాక్కున్నది ఫోన్ కాదు. వాడు లేకపోతే ఎవరికో ఒకరికి తెలిసే ఒకే ఒక్క చోటు అది. మొదటి రోజే వాడు నాకు జబ్బేంటో తన మాటల్లో చెప్పేశాడు, ఉన్నా తెలీదు లేకపోయినా తెలీదు అని, నేను దాన్ని సూసైడ్ రిస్కు కింద రాసుకున్నానే తప్ప కారణం కింద చదవలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తల్లిదండ్రుల్ని లోపలికి పిలిచి, వాసుని అడిగి, వాళ్ల ముందే వాడికి సారీ చెప్పాను. ఫోన్ తీసుకోమన్నది నేనే, అది తప్పు, వాడు రాత్రిళ్లు ఒక స్నేహితుడికి తోడు కూర్చున్నాడు అని. నాన్న ఏమీ అనలేదు. కాసేపయ్యాక "ఆ పిల్లగాడి పేరేంది" అని అడిగాడు. వాసు చెప్పాడు. నా ఎదురుగా వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అది.

అదే వారం సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపించాను. స్కోరు 21 అంటే తీవ్రమైన డిప్రెషన్ లెక్క, నేను ఒక్కదాన్నే మాటలతో లాగుతానంటే మొండితనం అవుతుంది. మందు మొదలుపెట్టారు, దాదాపు తొమ్మిది నెలలు వాడాడు. మందు వేసుకుంటే పిచ్చోడి ముద్ర పడుతుందని వాళ్లమ్మ భయపడింది, బీపీ మాత్రతో పోల్చి చెప్పాను, పూర్తిగా నమ్మలేదు కానీ రోజూ తనే గుర్తుచేసి ఇచ్చింది.

మార్చిన ప్లాన్

రెండోసారి రాసుకున్న ఫార్ములేషన్, అంటే సమస్య ఎక్కడ్నుంచి వస్తోందనే నా అంచనా, ఇది: ఈ పిల్లాడి సమస్య స్క్రీన్ ఎక్కువవడం కాదు, మనుషులు తక్కువవడం. పద్దెనిమిది నుంచి పాతిక మధ్య వయసుని జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 2000లో ఒక ప్రత్యేక దశగా చెప్పాడు, పిల్లలూ కాదు పూర్తి పెద్దలూ కాదు, నేనెవరు అనేది మనుషుల మధ్య తిరిగి తేల్చుకునే వయసు అని. మన పిల్లల్లో చాలామందికి ఆ దశ మొదలయ్యేదే కాలేజీ గేటు దగ్గర. ఇంటర్ దాకా ఇంకొకళ్లు పెట్టిన టైంటేబుల్, బీటెక్‌లో మొదటిసారి సొంతంగా క్యాంటీన్, సీనియర్లు, బస్సు, ప్రేమలు, గొడవలు. సిలబస్ పీడీఎఫ్‌లో వచ్చింది. మిగతాదేదీ రాలేదు.

ఆన్‌లైన్ మీటింగుల అలసట మీద స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాసిన వ్యాసం మా వాళ్లలో బాగా తిరిగింది, మొహాలు మరీ దగ్గరగా కనపడటం, మన మొహం మనమే చూసుకుంటూ ఉండటం, కదలకుండా కూర్చోవడం, సైగలు అర్థం చేసుకోవడానికి బుర్ర ఎక్కువ కష్టపడటం అని కారణాలు చెప్పాడు. అది నిజమే, కానీ అది కెమెరా ఆన్‌లో ఉన్నవాళ్ల అలసట. వాసులాంటి పిల్లలది దానికి పూర్తిగా ఎదురు, ఎవరి చూపూ పడకపోవడం. పేరులో మొదటి అక్షరం ఉన్న గుండ్రటి బొమ్మ ఒకటి, దాని వెనక మనిషి నిద్రపోతున్నాడో ఏడుస్తున్నాడో సార్‌కి తెలీదు, ఆ సార్ కూడా అరవై గుండ్రటి బొమ్మలతో ఒంటరిగా మాట్లాడుకుంటున్నాడు పాపం.

పని మాత్రం చిన్నచిన్నగానే మొదలుపెట్టాం. బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం, లెవిన్సన్ అనే సైకాలజిస్ట్ 1970ల్లో చెప్పిన దాన్నుంచి వచ్చింది, మనిషికి సంతోషమో తృప్తో ఇచ్చే పనులు తగ్గిపోతే డిప్రెషన్ ముదురుతుంది కాబట్టి మూడ్ బాగయ్యేదాకా ఆగకుండా ముందు పని పెట్టుకోవాలి అనేది దాని సారం. ఫోన్ తిరిగి వాడి చేతికే. గేమ్ రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నరకి మార్చుకోవడం నలుగురూ మాట్లాడుకుని ఒప్పుకున్నారు, గుడివాడ అబ్బాయికి నిద్ర పట్టకపోతే ఎవరు మేలుకోవాలో రోజుకొకరు వంతు వేసుకున్నారు, ఆ ఐడియా వాళ్లదే, నాది కాదు. మంచం మీద క్లాసు వినడం బంద్, వసారాలో కుర్చీ. మంచం నిద్రకే అని ఒళ్లు మళ్లీ నేర్చుకోవాలి. లేచే టైం మాత్రం ఎన్నింటికి పడుకున్నా ఏడుంపావే. మూడు వారాలు నానా అవస్థ పడ్డాడు, నాలుగో వారానికి రాత్రి పన్నెండున్నరకి నిద్ర రావడం మొదలైంది.

పనిచేయనిది కూడా చెప్పాలి. ఆలోచనలు రాసుకునే షీటు, సీబీటీలో (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల వైద్యం) మేం మామూలుగా ఇచ్చేది, వాసుకి అస్సలు ఎక్కలేదు. ఇంకో అసైన్‌మెంట్ లాగా ఇంగ్లీషులో నీటుగా రాసుకొచ్చేవాడు, అందులో వాడు లేడు. దాన్ని వదిలేసి వాట్సాప్‌లో తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టమన్నా, ఎంతసేపైనా పర్లేదు అని. మొదటిది పదకొండు సెకన్లు. నెల తిరిగేసరికి ఏడెనిమిది నిమిషాలు.

ఒక వాయిస్ మెసేజ్‌లో అసలు భయం బయటపడింది. ఆన్‌లైన్‌లో పెట్టిన మిడ్ పరీక్షలన్నీ గ్రూపులో వచ్చిన ఆన్సర్లు చూసి పెట్టినవే, తనకేమీ రాదు, ఎప్పుడో ఒకరోజు అందరికీ తెలిసిపోతుంది అని. ఇట్లాంటప్పుడు మేం సాధారణంగా అది నీ ఆలోచన మాత్రమే, నిజం కాదు అనే వైపు వెళ్తాం. ఇక్కడ అది కుదరదు, ఎందుకంటే చాలావరకు నిజమే. లూప్ రాయడం రాదు వాడికి. నీకు చాలా వచ్చు నాన్నా అని ధైర్యం చెప్పి ఉంటే నామీద ఉన్న కాస్త నమ్మకం కూడా పోయేది. అందుకని సీ, మ్యాథ్స్ ఈ రెండే పెట్టుకున్నాం, నెల్లూరు అబ్బాయి కూడా సీఎస్ఈయే, వేరే కాలేజీ, రోజూ సాయంత్రం గంట వాడితో ఫోన్లో. అక్క పాత ల్యాప్‌టాప్ పంపించింది.

కాలేజీ తెరిచాక

నవంబర్‌లో క్యాంపస్‌కి రమ్మన్నారు. అప్పటికి స్కోరు 12కి వచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. వెళ్లాడు. నాలుగో రోజు రాత్రి బస్సెక్కి తిరిగొచ్చేశాడు.

ఏమైందంటే గొడవేం కాలేదు. క్యాంటీన్‌కి వెళ్తే గుండె దడ, ముద్ద దిగలేదు. ఆ ఊళ్లో ఉండే పిల్లలు అప్పటికే గుంపులు గుంపులుగా కలిసిపోయి ఉన్నారు. రెండో రోజు కొత్తగా చేరుతున్న కుర్రాడెవడో వచ్చి అన్నా, కంప్యూటర్ ల్యాబ్ ఎటు అని అడిగాడు. వాసుకి తెలీదు. సెకండియర్ వాడు, ఆ కాలేజీలో గడిపింది మూడు వారాలు. "వాడి ముందు తెలీదని చెప్పలేక మేడం, ఏదో ఒక వైపు చెయ్యి చూపించి వెళ్లిపోయా. తర్వాత వాడు ఎదురొస్తాడని రూంలోనే ఉన్నా."

కాలేజీలు తెరిస్తే అన్నీ సర్దుకుంటాయని చాలామంది అన్నారు, నేనూ కొంత నమ్మా. తెరవడమే రెండో దెబ్బ అయిన పిల్లల్ని ఆ శీతాకాలంలో వరసగా చూశాను. ఫస్టియర్‌లో తెలీదని చెప్పడానికి సిగ్గుండదు, అందరూ కొత్తే, తప్పిపోవడం కూడా సరదాగానే ఉంటుంది. ఆ అవకాశం వీళ్లకి రాకుండానే అయిపోయింది. కోవిడ్ మొదటి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా డిప్రెషన్, యాంగ్జైటీ 25 శాతం పెరిగాయని, అందులో కుర్రవాళ్లు, ఆడవాళ్లు ఎక్కువ దెబ్బతిన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. ఆ అంకెలో ల్యాబ్ ఎటో తెలియని సెకండియర్ కుర్రాడి సిగ్గు కూడా ఉంటుంది.

మెట్లు మెట్లుగా ఒక నిచ్చెన రాసుకున్నాం. అన్నిటికంటే కింద మెట్టు, ఆదివారం ఎవరూ లేనప్పుడు క్యాంపస్ అంతా ఒక్కడే తిరిగి ఏది ఎక్కడుందో కాగితం మీద గీసుకోవడం. తర్వాత రూమ్మేట్‌తో మెస్‌కి వెళ్లి పక్కన కూర్చోవడం, తినకపోయినా పర్లేదు. తర్వాత ల్యాబ్ అసిస్టెంట్‌ని ఒక్క డౌటు అడగడం. పైమెట్టు, ఎవరైనా ఏదైనా అడిగితే 'నాకూ తెలీదు, పద ఇద్దరం కనుక్కుందాం' అనడం. ఈ పైమెట్టు మాట మేమిద్దరం క్లినిక్‌లో ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేశామో లెక్కలేదు, ఒకసారి నేను జూనియర్, ఒకసారి వాడు.

2022 జనవరిలో థర్డ్ వేవ్‌తో మళ్లీ ఇల్లు. భయపడ్డా, చేసిందంతా పోతుందేమోనని. కానీ ఆ సంక్రాంతి తర్వాత రోజుల్లో ఒకటి జరిగింది, నేను ప్లాన్ చేసింది కాదు. అప్పుడు బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ నడుస్తోంది, రాత్రిళ్లు ఎవరో ఒకరు పొయ్యి దగ్గర ఉండి థర్మామీటర్ చూస్తూ ఉండాలి. నాన్న ఒక రాత్రి "వస్తావా" అన్నాడంట. నిద్ర టైం పాడవుద్దని వాసు నాకు మెసేజ్ పెట్టి అడిగాడు. వెళ్లమన్నా, పన్నెండుకల్లా వచ్చి పడుకోమన్నా. నాలుగైదు రాత్రులు వెళ్లాడు. పొయ్యి చూస్తూ, పక్కపక్కన కూర్చుని. మూడో రాత్రి నాన్న చెప్పాడంట, తను పదో తరగతి తప్పిన ఏడాది నాలుగు నెలలు ఎవరికీ మొహం చూపించకుండా ఇదే బ్యారన్ వెనక పడుకునేవాణ్ణని, వాళ్ల నాన్న తిట్టలేదు కానీ ఒక్కసారి కూడా పలకరించలేదని. ఇంతకాలం కొడుకుతో ఎట్లా మాట్లాడాలో తెలియని మనిషి, నిప్పు ఎదురుగా ఉంటే మాట్లాడగలిగాడు.

ఫిబ్రవరిలో మళ్లీ క్యాంపస్. ఈసారి వారాంతం దాకా ఉన్నాడు. తర్వాత నెలంతా. మేలో చివరి రెగ్యులర్ సెషన్ నాటికి పీహెచ్‌క్యూ 7, జీఏడీ 5, తొమ్మిదో ప్రశ్నకి సున్నా. మొత్తం పందొమ్మిది సెషన్లు, అందులో ఆరు ఫోన్లో. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి, తర్వాత రాసి పాసయ్యాడు. క్లాసులో పెద్దగా కలిసిపోయాడని చెప్పను, ఇద్దరు ఫ్రెండ్స్ అయ్యారు, చాలనుకున్నాడు, నేనూ చాలనుకున్నా. కెమెరా ముందు మాత్రం ఇప్పటికీ ఇబ్బందే.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారింది ఒకటే. రాత్రంతా ఫోన్ చూస్తున్నాడు అని ఎవరైనా పిల్లాణ్ణో పిల్లనో తీసుకొస్తే, ఎన్ని గంటలు అని అడగడం మానేశా. ఫోన్‌లో అటువైపు ఎవరున్నారు అని అడుగుతున్నా. కొందరికి ఎవరూ ఉండరు, ఊరికే రీల్స్ తోసుకుంటూ పోవడమే, వాళ్ల వైద్యం వేరు. కొందరికి ఉంటారు. ఉన్నవాళ్ల దగ్గర టైం తగ్గించే ముందు ఆ మనిషి పేరు తెలుసుకుంటా.

2023 సెప్టెంబర్‌లో వాసు మళ్లీ ఫోన్ చేశాడు, ఫైనలియర్. క్యాంపస్ ప్లేస్‌మెంట్స్, మొదటి రౌండు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, కెమెరా తప్పనిసరి. రెండు రాత్రుల్నుంచి నిద్ర లేదు, స్క్రీన్ మీద తన మొహం తలుచుకుంటేనే చేతులు చల్లబడుతున్నాయి అన్నాడు. రెండు సెషన్లు చేశాం, స్క్రీన్ మీద మన మొహం కనపడకుండా దాచే ఆప్షన్ ఉంటుందని చూపించా, ఊపిరి వ్యాయామాలు చేశాం, ఉత్తుత్తి ఇంటర్వ్యూ మూడుసార్లు చేశాం. ఎట్లా జరిగిందో అని నేనే ఆ రోజు సాయంత్రం ఫోన్ చేశా.

"పర్లేదు మేడం, మాట్లాడగలిగా" అన్నాడు. ఎట్లా అని అడిగా. గుడివాడ నుంచి ఆ అబ్బాయి ముందు రోజు రాత్రే బస్సెక్కి వచ్చాడంట. ఇంటర్వ్యూ జరిగినంతసేపూ ల్యాప్‌టాప్ వెనకాల, కెమెరాకి కనపడకుండా, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడంట.